ఎన్ని గంటల దూరం?

పూర్వం తెలుగు పల్లెలో బాటసారి ఎవరైనా ఆగి, ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే, చెట్టు కింద కూర్చున్న రైతు మైళ్ళు చెప్పేవాడు కాదు. "పొద్దు వాలేసరికి చేరుతావు" అనేవాడు. లేదా "పూట నడక" అనేవాడు. ఇంకా దూరమైతే "రెండు జాముల దారి" అనేవాడు. కొలమానాలు లేక కాదు. క్రోసు ఉండేది, ఆమడ ఉండేది. నాలుగు క్రోసులు ఒక ఆమడ అన్న లెక్కా ఉండేది. అయినా నడిచేవానికి కావలసినది దారి పొడవు కాదు, దారిలో గడపవలసిన కాలం. చీకటి పడకముందే చేరగలడా, వెంట సద్దిమూట కట్టుకోవాలా, వాగు పొంగితే ఆగవలసి వస్తుందా అన్నవే అతని చింతలు. ఆ రైతు ఇచ్చిన సమాధానం అమాయకమైనది కాదు. ఎంతో ఆలోచించి చెప్పినది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని పెద్ద అంబర్‌పేట్ వద్ద నిలుచున్నవారికి ఆ పాత ప్రశ్న నేడు మరొక రూపంలో వినిపిస్తుంది. విజయవాడ నుండి హైదరాబాదుకు వచ్చే జాతీయ రహదారి, నగరం చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున సాగే బాహ్యవలయ రహదారిని ఇక్కడే కలుసుకుంటుంది. కోదాడ, సూర్యాపేట, విజయవాడ వైపుల నుండి పెద్ద పెద్ద పెట్టెలను వేసుకొని వచ్చే కార్లు నగరంలోకి పోకుండా ఇక్కడే మళ్ళి శంషాబాదు విమానాశ్రయం దారి పడతాయి. ఆ పెట్టెలలో పచ్చళ్ళు ఉంటాయి, పొడులు ఉంటాయి, పట్టుచీరలు ఉంటాయి. కారులో ఒకరు ప్రయాణికులు, నలుగురు సాగనంపేవారు. దారి పొడవునా వారి మాటలలో దొర్లే ప్రశ్న ఒక్కటే: "చేరేసరికి ఎంతసేపవుతుంది?"

ఈ ప్రశ్నకు నేడు సమాధానాలకు కొరత లేదు. రెండు విమానాశ్రయాల పేర్లు చెబితే చాలు, వాటి మధ్య దూరం ఇన్ని కిలోమీటర్లనీ, ప్రయాణకాలం ఇన్ని గంటల ఇన్ని నిమిషాలనీ క్షణంలో అంకెలు కనిపిస్తాయి. అవి అబద్ధాలు కావు. అయితే అవి చెప్పేది యంత్రం చేసే ప్రయాణాన్ని గురించి. మనిషి చేసే ప్రయాణాన్ని గురించి కాదు. ఈ రెంటికీ గల తేడాను పట్టించుకోకుండా, "ప్రపంచం కుగ్రామమైపోయింది" అని చెప్పుకొని తృప్తిపడే అలవాటు ఇటీవల బాగా పెరిగింది. ఆ తృప్తికి మూల్యం చెల్లించేవారు మాత్రం ఇంటివద్ద ఎదురుచూసేవారు.

ప్రయాణకాలం మనుషుల బ్రతుకులను ఎంతగా శాసించగలదో చెప్పడానికి రెండు పాత సంగతులు చాలు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరాడు. పల్లకీతో, బోయీలతో, పెద్ద పరివారంతో సాగిన ఆ యాత్ర ముగించుకొని ఆయన మద్రాసుకు తిరిగివచ్చింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలకు పైగా పట్టిన ఆ కాలంలో ఇంట ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఆ వార్త మజిలీ మజిలీకీ ఆయనను వెదుక్కుంటూ రావలసినదే. ఇక రెండవది. 1860 అక్టోబరు 12న మద్రాసు రేవు విడిచిన ట్రూరో అనే ఓడ, చెరకు తోటలలో పనికి ఒప్పందంపై కుదిరిన తెలుగు, తమిళ కూలీలతో నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ముప్పైఅయిదు రోజుల ప్రయాణం. ఆ ఓడ ఎక్కినవారిలో ఎందరికో తిరుగుదారి లేకపోయింది. కాశీకి పోయినవాడు తిరిగి వచ్చాడు, డర్బన్ పోయినవారిలో అనేకులు రాలేదు. ఈ భేదానికి కారణం మైళ్ళు కావని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

విమానం వచ్చిన తరువాత నెలలు రోజులైనాయి, రోజులు గంటలైనాయి. అందులో సందేహం లేదు. కాని ఆ గంటల లెక్క ఎట్లా పుడుతుందో తెలుసుకోవడం అవసరం.

హైదరాబాదు నుండి అమెరికాలోని డాలస్ నగరానికి దారి వెదకమంటే, తరగతి గోడకు వేలాడే ప్రపంచపటం ముందు నిలబడిన విద్యార్థి అరేబియా సముద్రం, ఐరోపా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పడమటివైపు వేలు జరుపుతాడు. అది తప్పు దారి. పటం భూమిని చదును చేసి చూపిస్తుంది. భూమి చదునుగా లేదు. ఒక గ్లోబు తీసుకొని హైదరాబాదు మీద దారపు కొస ఒకటి, డాలస్ మీద మరొకటి పెట్టి బిగించి లాగితే, ఆ దారం పడమటికి పోదు, దాదాపు తిన్నగా ఉత్తరానికి పోతుంది. ఉత్తరధ్రువానికి 500 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మంచుసముద్రాన్ని దాటి, అవతలివైపు కెనడా మీదుగా దక్షిణానికి దిగుతుంది. కారణమేమంటే, ఈ రెండు నగరాలూ భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. ఆ దారం కొలత సుమారు 14,400 కిలోమీటర్లు. ప్రయాణ విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే పదహారు గంటలు. లెక్క ఎంతో తేలికగా తేలిపోయినట్లు కనిపిస్తుంది.

తేలలేదు. ఆకాశంలో దగ్గరి దారి తొందరగా చేర్చే దారి కావాలన్న నియమం లేదు. దీనికి ఎయిర్ ఇండియా సంస్థ అనుభవమే సాక్ష్యం. ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆ సంస్థ విమానం మొదట అట్లాంటిక్ వైపుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయేది. 2016 అక్టోబరులో దానిని తూర్పుకు మళ్ళించి పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపారు. దారి సుమారు 15,300 కిలోమీటర్లయింది. అంటే 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణకాలం మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటలయింది; పాత దారికంటే ఇంచుమించు రెండు గంటలు తక్కువ. ఇది గారడీ కాదు. నేలకు తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తున, భూమి తిరిగే దిశలోనే, పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు నదీప్రవాహంవలె సాగుతుంటాయి. గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగం వాటికి సాధారణం. శీతకాలంలో ఇంకా ఉధృతమవుతాయి. ఏటికి ఎదురీదేవానికి ఒక లెక్క, ఏటివాలున పోయేవానికి ఒక లెక్క. గోదావరి మీద పడవ నడిపినవారికి ఈ సంగతిని ఎవరూ నేర్పనక్కరలేదు. అందువల్లనే ఒకే రెండు విమానాశ్రయాల నడుమ పోవడానికి పట్టే కాలం ఒకటి, రావడానికి పట్టే కాలం మరొకటి అవుతుంది. డిసెంబరులో ఒకటి, జూన్‌లో మరొకటి కూడా కావచ్చు.

గాలి చేసే మార్పు ఒకటి రెండు గంటలు. మనుషులు చేసే మార్పు అంతకంటె పెద్దది. నేలమీద సరిహద్దులు ఉన్నట్లే ఆకాశంలోనూ ఉన్నాయి. అవి కంటికి కనబడవు కనుక ప్రయాణికుడు వాటిని మరచిపోతాడు. 2019లో బాలాకోట్ ఘటన తరువాత పాకిస్తాన్ తన గగనతలాన్ని ఫిబ్రవరి చివర మూసి, జూలై మధ్యలో గాని పూర్తిగా తెరవలేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు రష్యా గగనతలం అమెరికా విమానసంస్థలకు మూతపడింది. వారు భారతదేశానికి నడిపే సర్వీసులలో కొన్ని ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మళ్ళీ భారత విమానాలకు దారి మూసింది. ఢిల్లీ నుండి అమెరికాకు తిన్నగా పోవలసిన విమానాలు చుట్టుదారి పట్టి, ఇంధనం కోసం నడుమ ఐరోపాలో దిగవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు నుండి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఎయిర్ ఇండియా నిలిపివేయడానికి చెప్పిన కారణాలలో ఇదీ ఒకటి. ఢిల్లీకీ వాషింగ్టన్‌కూ నడుమ దూరం ఒక్క అంగుళం పెరగలేదు. ఏ గ్లోబు మీదనైనా దారం కొలత అదే. పెరిగినది మనుషుల మధ్య వైరం.

ఇక టికెట్టు మీద ముద్రించిన గంటల సంగతి. హైదరాబాదులో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరిన ప్రయాణికుడు డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4 గంటల 30 నిమిషాలకు దిగుతాడని టికెట్టు మీద ఉన్నదనుకుందాము. చూసినవారికి పన్నెండున్నర గంటల ప్రయాణంగా తోస్తుంది. శీతకాలంలో భారతదేశపు గడియారం డాలస్ గడియారం కంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది. రెండూ కలిపితే ఇరవైనాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో ఇందుకు విరుద్ధంగా, ఒక రోజు ఎక్కడో జారిపోయినట్లు అనిపిస్తుంది. తొలిసారి కొడుకు దగ్గరకు పోయిన తల్లి, "పొద్దున పోయి పొద్దుగూకేసరికి చేరిన బిడ్డా" అని ఊరివారికి చెబితే అది గడియారం చేసిన మోసమే గాని ఆమె పొరపాటు కాదు. మరొక చిన్న విషయం. విమానసంస్థలు ప్రకటించే కాలం విమానం గాలిలో ఉన్న కాలం మాత్రమే కాదు. బయలుదేరేచోట నిలిచిన స్థానం నుండి కదిలినది మొదలు, చేరినచోట నిలిచేవరకు గల కాలమది. ఆలస్యమైందన్న అపవాదు రాకుండా సంస్థలు అందులో కొంత మిగులు కలుపుకుంటాయి కూడా. అందుకే ఆలస్యంగా బయలుదేరిన విమానం సమయానికే దిగడం చూసి ప్రయాణికులు అప్పుడప్పుడు ఆశ్చర్యపోతుంటారు.

సరే, అసలు లెక్క పెద్ద అంబర్‌పేట్‌లోని ఒక ఇంటి గడప నుండి వేసి చూడాలి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలుకాక మునుపు, ఇక్కడివారు హయత్‌నగర్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి నగరాన్ని ఈ చివర నుండి ఆ చివరకు ఈది బేగంపేట చేరవలసి వచ్చేది. ఆ కష్టం తగ్గింది. వలయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. కొద్దిపాటి తొందర, కొద్దిపాటి జాగ్రత్త కలిపి ఒక గంట అనుకోవచ్చు. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. దుబాయి వరకు సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడ మరొక విమానం కోసం మూడున్నర గంటలు. అక్కడి నుండి డాలస్‌కు సుమారు 12,940 కిలోమీటర్లు, పదహారు గంటలు. దిగిన తరువాత అధికారుల తనిఖీకీ, పెట్టెలు చేతికి రావడానికీ గంటన్నర. అక్కడి నుండి ఫ్రిస్కోలోనో, ఇర్వింగ్‌లోనో ఉన్న ఇంటికి గంట. మొత్తం ముప్పై గంటలు. ఇందులో ఆకాశంలో గడిచినవి ఇరవై, నేలమీద గడిచినవి పది. ప్రయాణికుడు విజయవాడ నుండి వచ్చినవాడైతే ఈ పది మరికొంత పెరుగుతుంది. మూడింట ఒక వంతు కాలం విమానానికి, దూరానికి, గాలికి సంబంధం లేనిదన్నమాట. విమాన వేగాన్ని గురించి గర్వించేవారు ఈ భాగాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది: హైదరాబాదు నుండి అమెరికాకు నేరుగా విమానం ఉంటే ఈ బాధలన్నీ తీరుతాయని. ఆ కోరిక కొత్తది కాదు. అది తీరిన కాలమూ కొంత ఉంది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాదు నుండి షికాగోకు వారానికొక విమానం నేరుగా నడపడం ప్రారంభించింది. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. అంతకు కొద్ది రోజుల ముందే, జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన విమానాన్ని జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్ అనే నలుగురు మహిళా పైలట్లు ఉత్తరధ్రువ ప్రాంతం మీదుగా పదిహేడు గంటలు నడిపి బెంగుళూరులో దింపారు. ఆ రోజులలో దక్షిణాదికి అమెరికా దగ్గరైందని అందరూ సంతోషించారు. షికాగో సర్వీసు ఎంతో కాలం సాగలేదు. ఇంత దూరం ఆగకుండా పోయే విమానం తాను మోసే ఇంధనాన్ని మోయడానికే ఎంతో ఇంధనం ఖర్చు చేస్తుంది. ధర ఎక్కువైన ముందు వరుసల సీట్లు నిండకపోతే నష్టం తప్పదు. సింగపూర్ నుండి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా, పద్దెనిమిది గంటలకు మించి ఆగకుండా పోయే విమానం నిలదొక్కుకున్నదంటే అది వ్యాపారపు ప్రయాణికుల వలన. హైదరాబాదు నుండి పోయేవారిలో విద్యార్థులు, మనుమలను చూడబోయే తల్లిదండ్రులు ఎక్కువ. వారు వెదకేది తక్కువ ధర టికెట్టు.

అయినా నేరు విమానం కావాలని కోరడంలో న్యాయం లేదనడం సరికాదు. ఆదా అయ్యేది ఆరు, ఆరున్నర గంటలే కావచ్చు. కాని ఆ గంటలు ఎవరివి అన్నది ముఖ్యం. ఇబ్రహీంపట్నం పల్లె నుండి ఒంటరిగా బయలుదేరిన అరవైఅయిదేళ్ళ తల్లికి ఆకాశంలో గడిచే పదహారు గంటలు భయం కావు. నడుమ, భాష తెలియని ఊరిలో, ఏ ద్వారం దగ్గరకు పోవాలో తెలియక తిరిగే మూడు గంటలే భయం. నడవగలిగిన పెద్దలు కూడా చక్రాల కుర్చీ కోరడం చూసి కొందరు పరిహసిస్తారు. వారు కోరేది కుర్చీని కాదు, దానిని నెట్టే మనిషిని. సరియైన ద్వారం వరకు చేయి పట్టుకొని తీసుకుపోయే తోడును. ఆ పరిహాసం చేసేవారు ఒకసారి తమకు చదవరాని లిపిలో రాసిన బోర్డుల నడుమ విమానం మారి చూడాలి.

ఇంతవరకు చెప్పినదంతా డాలస్ గురించి. దానికంటె ఆలోచింపజేసేది దుబాయి. హైదరాబాదుకు దుబాయి నాలుగు గంటల దూరంలో ఉంది. పెద్ద అంబర్‌పేట్ నుండి రోడ్డుమీద విజయవాడ పోవడానికి ఇంచుమించు అంతే పడుతుంది. ఈ లెక్క ప్రకారం కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు కూలికి పోయినవారు పొరుగూరిలో ఉన్నట్లే. కాని వారి కుటుంబాలను అడిగితే వచ్చే సమాధానం వేరు. రెండేండ్ల ఒప్పందం ముగిసేదాకా సెలవు లేనివారు ఉన్నారు. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి చట్టాలే నిషేధించినా అది ఆగలేదు. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన సొమ్ము తీరకముందే తిరిగి వస్తే ఇంట తలెత్తుకోలేమని ఉండిపోయినవారు ఉన్నారు. అమెరికాలోని ఇంజనీరు ముప్పై గంటలలో రాగలడు. దుబాయిలోని మేస్త్రీ ముప్పై వారాలైనా రాలేకపోవచ్చు. 14,400 కిలోమీటర్లు దగ్గరై, 2,550 కిలోమీటర్లు దూరమైన ఈ విపరీతాన్ని ఏ దూరాల పట్టికా చూపదు.

ఆ కూలీ అక్కడే చనిపోతే లెక్క మరింత కఠినమవుతుంది. మరణ ధ్రువపత్రం, పోలీసుల నివేదిక, యజమాని అంగీకారం, భారత రాయబార కార్యాలయపు అనుమతి, పాస్‌పోర్టు రద్దు, శవాన్ని చెడకుండా సిద్ధపరచడం, విమానంలో స్థలం — ఇన్ని జరిగితే గాని శవపేటిక శంషాబాదు చేరదు. నాలుగు గంటల దారికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది.

కరోనా వ్యాధి వ్యాపించిన కాలంలో ఈ సంగతి అందరికీ ఒకేసారి అనుభవానికి వచ్చింది. 2020 మార్చి 23 నుండి భారతదేశానికి మామూలు అంతర్జాతీయ ప్రయాణ విమానాలు నిలిచిపోయాయి. అవి తిరిగి యథావిధిగా నడిచినది 2022 మార్చి 27 నుండి. నడుమ 2020 మే 7న మొదలైన వందే భారత్ విమానాలూ, తరువాత కొన్ని దేశాలతో చేసుకున్న ప్రత్యేక ఏర్పాట్లూ కొందరిని చేర్చాయి. విమానాలు ఉన్నాయి, పైలట్లు ఉన్నారు, ఆకాశం ఖాళీగా ఉంది. లేనిది అనుమతి. ఆ రెండేండ్లలో ఎన్ని ఇండ్లలో తల్లి, తండ్రి కడసారి చూపు లేకుండా పోయారో ఆయా ఇండ్లవారికి తెలుసు.

అమెరికాలో ఉన్నవారికి ఈ అనుమతి బాధ లేదనుకోవడం పొరపాటు. ఉద్యోగపు వీసా మీద ఉన్నవాని పాస్‌పోర్టులోని ముద్ర గడువు తీరితే, అతడు అక్కడ చట్టబద్ధంగా ఉద్యోగం చేసుకోవచ్చు. కాని ఒకసారి దేశం దాటితే, తిరిగి పోవడానికి ఇక్కడి కాన్సులేటులో కొత్త ముద్ర వేయించుకోవాలి. ఒకప్పుడు అందుకు తెలుగువారు చెన్నై పోవలసివచ్చేది. 2008లో హైదరాబాదులోనే అమెరికా కాన్సులేటు ఏర్పడిన తరువాత ఆ ప్రయాణం తప్పింది. నిరీక్షణ మాత్రం తప్పలేదు. 2025 డిసెంబరులో కొత్త తనిఖీ నిబంధనల వలన ఎందరి ఇంటర్వ్యూ తేదీలో నెలల తరబడి వాయిదా పడ్డాయి. సెలవుపై వచ్చినవారు తిరిగి పోలేక ఇక్కడే ఉండిపోయారు. అటువంటప్పుడు తండ్రికి జబ్బు చేసిందన్న ఫోను అందుకున్న కొడుకు విమానాల వేళలు చూడడు. ముందుగా తన పాస్‌పోర్టు తీసి తేదీ చూసుకుంటాడు. అతనిని కఠినాత్ముడని నిందించడం ఊరివారికి తేలిక. అతని ఎదుట ఉన్నది ముప్పై గంటల ప్రయాణం కాదు, తిరుగుదారి ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని ప్రయాణం. ట్రూరో ఓడ ఎక్కినవారి ఎదుట ఉన్నదీ ఒక విధంగా అదే. ఇతనికి జీతం ఎక్కువ, అంతే.

కనుక ప్రవాసుల సౌకర్యాన్ని గురించి ప్రభుత్వాలు, ప్రవాస సంఘాలు మాట్లాడేటప్పుడు నేరు విమానాలతోనే ఆ మాట ముగియడం తగదు. విమానం కొనుక్కోగల వస్తువు. నష్టమొస్తే ఆపివేయగల సేవ. మరణం, ప్రాణాపాయం వంటి సమయాలలో వెళ్ళి రావడానికి కొద్ది రోజులలో వీసా నిర్ణయం జరిగేటట్లు రెండు దేశాల నడుమ ఏర్పాటు ఉండాలి. గల్ఫ్‌లోని కూలీకి తండ్రి మరణవార్త అందిన నాడే పాస్‌పోర్టు చేతికి వచ్చేటట్లు అక్కడి మన రాయబార కార్యాలయాలు పట్టుబట్టాలి. శవపేటిక కాగితాలన్నీ ఒకేచోట పూర్తయ్యే పద్ధతి రావాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త విమానం అక్కరలేదు. ఒక్క లీటరు ఇంధనం అక్కరలేదు. బహుశా అందుకే వీటికి ప్రారంభోత్సవాలు లేవు, ఫోటోలు లేవు.

పెద్ద అంబర్‌పేట్ వంటి ఊళ్ళలో వృద్ధుడు మరణించినప్పుడు నేడు మొట్టమొదట జరిగే చర్చ ఇదే. శవాన్ని ఫ్రీజరులో ఉంచుతారు. వాకిట్లో టెంటు వేస్తారు. కులపెద్దలు, బంధువులు కుర్చీలలో కూర్చుంటారు. పెద్దకొడుకు అమెరికాలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. తలకొరివి పెట్టవలసినవాడు అతడే. ఒకరు గడియారాల తేడా వేళ్ళమీద లెక్క కడతారు, ఒకరు విమానం ఎక్కడ మారాలో చెబుతారు, ఇంకొకరు అతని కంపెనీవారు విడిచిపెడతారా అని అడుగుతారు. చివరకు అందరికంటె పెద్దవాడు ఫోను అందుకొని, కిలోమీటర్లు, గంటలు అన్నీ పక్కన పెట్టి, "నాయనా, రేపు పొద్దుగూకేసరికి వస్తవా?" అని అడుగుతాడు. అవతలివైపు నుండి వెంటనే జవాబు వస్తే ఆగుతారు. మౌనం ఎక్కువైతే చిన్నకొడుకును స్నానానికి లెమ్మంటారు. అల్లుడు ఫోనును పైకెత్తి పట్టుకుంటాడు, దూరాన ఉన్నవాడు చూడడానికి.